గొంతుకి అడ్డం పడితే: ముందు చెవి, తర్వాత చెయ్యి

పిల్లాడి గొంతులో ఏదో ఇరుక్కుందని ఎవరైనా కేకేస్తే, పరిగెత్తుకెళ్ళి నేను ముందు చేసే పని వినడం. దగ్గుతున్నాడా? ఏడుస్తున్నాడా? పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో అమ్మలకీ అమ్మమ్మలకీ, డేకేర్ ఆయాలకీ అప్పుడప్పుడు ఈ పాఠం చెప్తుంటాను. ఎప్పుడు చెప్పినా మొదలుపెట్టేది ఇక్కడే. చప్పుడు వస్తోందంటే గాలి ఆడుతోంది. గాలి ఆడుతున్నంతసేపూ మీరు చేతులు కట్టుకుని ఉండండి.

గట్టిగా దగ్గగలిగే మనిషికి ఆ దగ్గును మించిన వైద్యం లేదు. "దగ్గు నాన్నా, ఇంకా గట్టిగా దగ్గు" అంటూ పక్కనే ఉండండి, ముందుకి వంగనివ్వండి, కనిపెట్టి చూడండి. మనవాళ్ళకి ఇదే చేతకాదు. ఒకరు నడినెత్తిన తడతారు, ఒకరు "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు, ఇంకొకరు గ్లాసుడు నీళ్ళు తెచ్చి నోటికి పెట్టేస్తారు. నెత్తిన తడితే లాభమూ లేదు, నష్టమూ లేదు. నీళ్ళతోనే తంటా. దారి సగం మూసుకున్నచోట నీళ్ళు పోస్తే ఆ మిగిలిన సగమూ పోతుంది. దగ్గు తగ్గి, మామూలుగా మాట్లాడాకే తాగనివ్వండి.

చప్పుడు ఆగిపోతే మాత్రం ఒక్క క్షణం కూడా చూడకూడదు. నోరు తెరుచుకునే ఉంటుంది, దగ్గు రాదు, ఏడుపు రాదు. ఒక్కోసారి సన్నగా కీచుమంటుంది, అంతే. పెద్దవాళ్ళైతే రెండు చేతులూ గొంతు దగ్గరికి పోతాయి. పెదాలు నీలంగా మారతాయి. ఛాయ తక్కువున్నవాళ్ళలో పెదాల లోపలివైపు, నాలుక మీద చూస్తే తెలుస్తుంది. "గొంతుకి అడ్డం పడిందా?" అని అడగండి. తల ఊపి మాట రాకపోతే ఇక అడగాల్సింది ఏమీ లేదు. మెదడుకి ఆక్సిజన్ అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. 108 బండి ఎంత తొందరగా వచ్చినా ఆ మొదటి నిమిషాలు పక్కనున్నవాళ్ళవే.

పెళ్ళి భోజనాల్లో ఒక సంగతి గమనించండి. బంతిలో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా చేతులు కడుక్కునే వైపు గబగబా వెళ్ళిపోతాడు. పదిమంది ముందు కక్కుకోవడం సిగ్గనిపిస్తుంది కదా. అక్కడ ఒంటరిగా పడిపోతే గుండెపోటు అనుకుంటారు. అమెరికాలో 1963లో ఒక డాక్టరు, హోటళ్ళలో తింటూ తింటూ కుప్పకూలి చనిపోయినవాళ్ళ గురించి రాశాడు. అందరూ గుండెపోటు అనుకున్న కేసుల్లో గొంతులో మాంసం ముక్క ఇరుక్కుని ఉంది. అందుకని అలా లేచి వెళ్ళిన మనిషి వెనకే వెళ్ళండి. మర్యాద తక్కువేమీ కాదు.

ఏడాది లోపు పిల్లలకి

ముందు అరచెయ్యి చూసుకోండి. మణికట్టుకి ఆనుకుని, బొటనవేలి కింద మెత్తగా ఉబ్బెత్తుగా ఉండే భాగం ఉంది చూశారా? దాన్ని నేను అరచేతి అడుగు అంటాను. ఈ పాఠంలో దెబ్బ వేసినా, నొక్కినా ఎక్కువగా దానితోనే.

కుర్చీలోనో మంచం అంచునో కూర్చోండి. కింద కూర్చున్నా ఫర్వాలేదు. బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టండి. ఆ చేతి వేళ్ళతో దవడ ఎముకను రెండు వైపులా పట్టుకోండి. దవడ కింద, గొంతు దగ్గర మెత్తగా ఉండే చోట వేళ్ళు నొక్కుకోకూడదు. ముంజేతిని తొడకి ఆనించండి, బిడ్డ తల ఛాతీ కంటే కిందికి ఉండాలి. ఇప్పుడు రెండో చేతి అరచేతి అడుగుతో, రెండు భుజాల రెక్కల మధ్య 5 సార్లు చరచండి. జో కొట్టినట్టు తడితే సరిపోదు. నేను నేర్పేటప్పుడు చాలామంది తల్లులు ఇక్కడే ఆగిపోతారు, చెయ్యి రాదు. చప్పుడు వినపడేలా చరచాలి. ఒక్కో దెబ్బ ఆ అడ్డును కదిలించడానికే అని మనసులో అనుకోండి, చెయ్యి వస్తుంది.

బయటికి రాలేదా? ఖాళీగా ఉన్న చేతిని బిడ్డ వీపు మీద వేసి, అరచేతితో తల వెనక భాగం పట్టుకోండి. బిడ్డ రెండు ముంజేతుల మధ్య ఉంటుంది. అలాగే కలిపి వెల్లకిలా తిప్పండి. తల కిందికే ఉండాలి. రెండు చనుమొనల మధ్య ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకి కాస్త కింద, ఛాతీ మధ్య ఎముక మీద ఒక అరచేతి అడుగు పెట్టి 5 సార్లు నొక్కండి. లోతు సుమారు 4 సెంటీమీటర్లు, అంటే ఛాతీ మందంలో మూడో వంతు. ఇంతకుముందు రెండు వేళ్ళతో నొక్కమని నేర్పేవాళ్ళం. 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చిన కొత్త సూచనల్లో ఒక అరచేతి అడుగుతో నొక్కమన్నారు. వేళ్ళతో నొక్కితే లోతు సరిపోదు, త్వరగా అలిసిపోతాం కూడా.

మళ్ళీ బోర్లా తిప్పి 5, వెల్లకిలా తిప్పి 5. వస్తువు బయటపడేదాకా, లేదా బిడ్డ ఏడ్చేదాకా ఇలాగే. ఏడుపు వినపడిందంటే దారి తెరుచుకుంది. మధ్యమధ్యలో నోట్లోకి చూడండి. ఎదురుగా కనిపిస్తే తియ్యండి. కనిపించకుండా వేలు పెట్టి కెలకొద్దు. నోట్లో వేలు పెట్టడం ప్రతి తల్లికీ అప్రయత్నంగా వచ్చే పని, అదే వస్తువుని ఇంకా లోపలికి తోసేస్తుంది.

ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు. వాళ్ళ కాలేయం పక్కటెముకల కింద దాకా వచ్చి ఉంటుంది, దెబ్బ తగులుతుంది.

"మా రోజుల్లో కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి ఊపితే పోయేది కదమ్మా" అని ఒక మామ్మగారు ప్రతిసారీ అడుగుతారు. "చెయ్యి జారితే మామ్మగారూ?" అంటాను. మెడకి దెబ్బ, తలకి దెబ్బ, పైగా అడ్డు ఎక్కడికి జరుగుతుందో తెలియదు. తల కాస్త వాల్చి వీపు మీద చరచడంలో ఆవిడ చెప్పినదాంట్లోని మంచి అంతా ఉంది, ప్రమాదం లేదు.

ఏడాది దాటిన పిల్లలకీ పెద్దవాళ్ళకీ

పక్కన, కొంచెం వెనగ్గా నిలబడండి. ఒక చెయ్యి ఛాతీకి అడ్డం పెట్టి మనిషిని బాగా ముందుకి వంచండి. నిటారుగా నిలబెట్టి వీపు మీద కొడితే వస్తువు ఇంకా కిందికి జారవచ్చు. భుజాల రెక్కల మధ్య అరచేతి అడుగుతో గట్టిగా 5. ఒక్కో దెబ్బ తర్వాత బయటపడిందేమో చూడండి. రెండో దెబ్బకే వచ్చేస్తే మిగతా మూడూ అక్కర్లేదు.

రాకపోతే పొట్ట. వెనక నిలబడి, మీ ఒక కాలు ఆ మనిషి రెండు కాళ్ళ మధ్య పెట్టండి, తూలినా పట్టుకోగలుగుతారు. పిల్లలైతే మీరు మోకాళ్ళ మీద కూర్చోవాలి, లేకపోతే మీ చేతులు వాళ్ళ ఛాతీ మీదికి పోతాయి. పిడికిలి బిగించి, బొటనవేలి వైపు బొడ్డుకి కాస్త పైన పెట్టండి. ఛాతీ ఎముక చివర ముట్టుకోకూడదు, దానికి బాగా కింద ఉండాలి. రెండో చేత్తో ఆ పిడికిలిని పట్టుకుని లోపలికీ పైకీ ఒకేసారి గట్టిగా లాగండి. 5 సార్లు. ఖాళీ ప్లాస్టిక్ సీసాని ఒక్కసారి నొక్కితే మూత ఎగిరిపోతుంది చూడండి, లోపల జరిగేదీ అదే. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి కింది నుంచి ఎగదన్నుతుంది. మెల్లగా అదిమితే ఆ తోపు రాదు.

పట్టుచీర కట్టుకున్న ఆవిడకి బొడ్డు ఎక్కడుందో కుచ్చిళ్ళ మీదనుంచి తెలియదు. చేత్తో పక్కటెముకల అంచు తడిమి, అవి మధ్యలో కలిసేచోటు నుంచి నాలుగు వేళ్ళ వెడల్పు కిందికి రండి. బెల్టు ఉంటే దాని పైన.

మళ్ళీ వీపు 5, పొట్ట 5. ఇలా మార్చి మార్చి చేయాలి. మొదట పొట్ట మీదే మొదలుపెట్టాలని నేర్చుకున్నవాళ్ళు మీలో ఉంటారు. ఈ పద్ధతిని 1974లో లోకానికి చెప్పిన డాక్టర్ హెన్రీ హైమ్లిక్ వీపు మీద కొట్టడమే తప్పనేవాడు, అమెరికాలో చాలా ఏళ్ళు పొట్ట ఒక్కటే నేర్పారు కూడా. 2025 సూచనల్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ముందు వీపు 5, తర్వాత పొట్ట 5 అంది. హైమ్లిక్ పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. 2016లో, 96 ఏళ్ళ వయసులో, తనుంటున్న వృద్ధాశ్రమంలో పక్కన భోంచేస్తున్న 87 ఏళ్ళావిడకి ఆయనే చేసి మాంసం ముక్క బయటికి రప్పించాడు. బలం కంటే చెయ్యి పెట్టే చోటు ముఖ్యమని నేనెప్పుడూ ఆయన్నే చూపిస్తాను.

గర్భిణులకి, ముఖ్యంగా నెలలు నిండుతున్నవాళ్ళకి, పొట్ట నొక్కకూడదు. మీ చేతులు చుట్టూ అందనంత లావుగా ఉన్నవాళ్ళకీ కుదరదు. వాళ్ళకి చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి, ఛాతీ మధ్య ఎముక మీద పిడికిలి పెట్టి నేరుగా వెనక్కి లాగండి. వీల్‌చెయిర్లో ఉన్న పెద్దాయనైతే బ్రేకు వేసి, కుర్చీ వెనక నుంచే చేయండి. లేపడానికి టైము తగలెయ్యొద్దు.

ఇంట్లో మీరొక్కరే ఉండి మీకే అడ్డం పడితే ముందు 108కి కాల్ కలిపి స్పీకర్ పెట్టి పక్కన పడేయండి. మాట రాకపోయినా లైన్ కట్ చేయొద్దు. వీలైతే తలుపు తీసి పక్కింటి బెల్లు కొట్టండి. తర్వాత కుర్చీ వెనక అంచు మీదో వంటింటి గట్టు అంచు మీదో బొడ్డుకి పైభాగం ఆనించి, ఒక్క ఊపున బరువంతా వేసి పడండి. అరుపు రాదు కాబట్టి పళ్ళెం విసిరినా ఫర్వాలేదు, చప్పుడే కావాలి.

స్పృహ తప్పితే

మనిషి వాలిపోతుంటే పట్టుకుని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మంచం మీద వద్దు, పరుపు కిందికి పోతుంది. పక్కనున్నవాళ్ళలో ఒకరి వైపు వేలు చూపించి "మీరు 108కి చేయండి" అనండి. అందరితో కలిపి "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు, ఇది నేను కళ్ళారా చూశాను. 112 అయినా పలుకుతుంది. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్లో పెట్టి చేతులు పనిలో పెట్టండి.

సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ మధ్యమధ్యలో నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి. పెద్దవాళ్ళకి ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కండి. పిల్లలకి ఛాతీ మందంలో మూడో వంతు, అంటే సుమారు 5, చంటిపిల్లలకి 4. వేగం నిమిషానికి 100 నుంచి 120. 30 నొక్కాక తల కాస్త వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, నోట్లోకి చూడండి. కనిపిస్తే తియ్యండి. తర్వాత రెండు ఊపిర్లు ఊదండి. చంటిబిడ్డకైతే తల వెనక్కి వాల్చకుండా నేరుగా ఉంచి, ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి, బుగ్గల్లో పట్టేంత గాలి మాత్రమే. ఛాతీ లేచిందా చూడండి, లేవకపోయినా మళ్ళీ 30. అంబులెన్స్ వచ్చేదాకా, లేదా మనిషి కదిలేదాకా ఆపొద్దు. పక్కన ఇంకొకరుంటే రెండు నిమిషాలకోసారి మారండి. చేతులు నిజంగా పీకుతాయి.

బయటపడ్డాక

ఇక్కడ అందరూ ఊపిరి పీల్చుకుని మళ్ళీ భోజనానికి కూర్చుంటారు. పొట్ట మీదో ఛాతీ మీదో నొక్కించుకున్న ప్రతి ఒక్కరూ ఆరోజే డాక్టరుకి చూపించుకోవాలి. లోపల దెబ్బ తగిలిందేమో పైకి కనపడదు.

పిల్లల విషయంలో ఇంకోటి. వార్డులో మేము చూసిన కేసుల్లో నాకు బాగా గుర్తుండిపోయిన రకం ఇదే: వారాల తరబడి దగ్గు, ఆయాసం, "న్యుమోనియా" అని మందులు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలు. తీరా అడిగితే "ఆ, అప్పుడెప్పుడో పల్లీలు తింటూ పొలమారింది, తర్వాత బాగానే ఆడుకున్నాడు" అంటారు. పల్లీ గాలిగొట్టం దాటి ఊపిరితిత్తిలోకి జారిపోతే ఉక్కిరిబిక్కిరి ఆగిపోతుంది, పిల్లాడు మామూలుగా కనిపిస్తాడు. కుడివైపు గొట్టం కొంచెం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా అటే పోతుంది. తడికి ఉబ్బుతుంది, చుట్టూ వాపు వస్తుంది. ఎక్స్‌రేలో పల్లీ కనిపించదు, ఎక్స్‌రే నార్మల్‌గా ఉన్నా లోపల ఉండొచ్చు. బ్రాంకోస్కోపీ, అంటే ఊపిరిగొట్టంలోకి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి చూడడం, చేసి తియ్యాలి. అందుకని పొలమారిన తర్వాత దగ్గు పోకపోయినా, పిల్లికూతలు వినిపించినా, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: ఏ రోజు, ఏం తింటూ.

బటన్ బ్యాటరీ మింగాడని అనుమానం వస్తే, ఊపిరి బాగానే ఆడుతున్నా వెంటనే ఆసుపత్రికి. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. చేపముల్లు వేరే సంగతి. మాట వస్తుంది, గాలి ఆడుతుంది, గుచ్చుకున్నట్టుంటుంది. ఉత్త అన్నం ముద్ద, అరటిపండు మింగించి తోసే ప్రయత్నం వద్దు, ముల్లు ఇంకా లోతుగా దిగుతుంది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంట్లో చూసుకోవాల్సినవి

సంక్రాంతి వస్తే నాకు టెన్షన్. భోగిపళ్ళు పోస్తాం కదా: రేగిపళ్ళు, నానబెట్టిన శనగలు, చెరుకు ముక్కలు, చిల్లర. పేరంటాళ్ళు వచ్చి దోసిళ్ళతో తలమీద పోస్తుంటే ఒళ్ళో, చాప మీద, బిడ్డ చేతికందేంత దూరంలో అన్నీ గొంతుకి సరిగ్గా సరిపోయే సైజువే. అందరి కళ్ళూ ఫొటోల మీద. వేడుక మానమని నేననను. పక్కనే ఒక మనిషిని బిడ్డ చేతుల మీదే కన్ను వేసి కూర్చోబెట్టండి, అయిపోగానే బిడ్డను ఎత్తుకుని చాప దులపండి. మా చుట్టాలింట్లో చాప దులిపాక కూడా బిడ్డ గౌను కుచ్చుల్లో ఒక రూపాయి బిళ్ళ, రెండు శనగలు దొరికాయి. గౌను కూడా మార్చండి.

నాలుగేళ్ళు నిండేదాకా పల్లీలు, వేయించిన శనగలు, బఠాణీలు గింజగా పెట్టొద్దు. పొడి చేసి పెట్టండి. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు. సపోటా, సీతాఫలం గింజలు తీసేయండి. చిన్న జెల్లీ కప్పులు కొనకండి. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువు మూడేళ్ళ లోపు పిల్లలకి ప్రమాదం అంటారు. మీ ఇంట్లో స్కేలు తీసుకుని కొలిచి చూడండి, ఎన్ని పడతాయో ఆశ్చర్యపోతారు. పరిగెడుతుంటే వెంటపడి నోట్లో ముద్ద కుక్కడం, చక్కిలిగింతలు పెడుతూ తినిపించడం మానండి. ఉగ్గుగిన్నెతో పడుకోబెట్టి పోసే అలవాటుంటే తల ఎత్తి, బిడ్డ మింగుతుంటే కొద్దికొద్దిగా పట్టండి. ఏడుస్తున్నప్పుడు అస్సలు వద్దు. ముక్కులో నూనె చుక్కలు వేసే పద్ధతైతే పూర్తిగా వదిలేయండి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నూనె న్యుమోనియా తెస్తుంది.

పక్షవాతం వచ్చినవాళ్ళకీ, కట్టుడుపళ్ళవాళ్ళకీ పూర్తిగా నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. ముద్ద మింగాకే తర్వాతి ముద్ద, మాటలు తర్వాత. తిన్నాక ఒక అరగంట పడుకోనివ్వొద్దు.

ప్రాక్టీసు

చదివితే చేతులకి రాదు. చంటిబిడ్డ పద్ధతికి పిల్లల బొమ్మ గానీ గట్టిగా చుట్టిన టర్కీ టవల్ గానీ తీసుకోండి. బోర్లా, 5, రెండు చేతుల మధ్య పట్టి వెల్లకిలా, 5. తిప్పేటప్పుడు తల జారిపోతోందేమో చూసుకోండి, అందరికీ మొదట జారేది అక్కడే. పెద్దవాళ్ళ పద్ధతికి కుర్చీ వెనక్కి ఒక దిండు కట్టి, వెనక నిలబడి పిడికిలి చోటు కుదుర్చుకోండి. ఇంట్లోవాళ్ళ మీద చెయ్యి పెట్టే చోటు చూసుకోవచ్చు, అంతవరకే. ఆరోగ్యంగా ఉన్న మనిషి పొట్ట నిజంగా లాగి ప్రాక్టీసు చేయొద్దు, తమ్ముళ్ళ మీద సరదాకి అసలే వద్దు.